చావు జరిగిన ఇంటికి అండగా ఉండడం ఎలా: కబురు అందినప్పటి నుంచి ఏడాది దాకా

ఇది మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్ల కోసం రాసింది కాదు. వాళ్లకి ఆ రోజుల్లో చదివే ఓపిక ఉండదు. ఆ ఇంటికి మేనల్లుడో, పక్క ఫ్లాట్ వాళ్లో, ఆఫీసులో తోటి ఉద్యోగో, చిన్ననాటి స్నేహితురాలో అయిన మీ కోసం. మన వైపు చావింటికి జనం రాకపోవడం ఉండదు. మొదటి రోజు వాకిలి నిండిపోతుంది. కానీ అందులో ఒక పని భుజాన వేసుకునేవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. పెద్దకర్మ భోజనాలు అయ్యాక ఆ ముగ్గురు నలుగురు కూడా వెళ్లిపోతారు. ఇంటివాళ్లకి అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో చాలా భాగం ఆ తర్వాతి పనులే.

కబురు అందగానే

ముందు ఫోన్ చేయాల్సింది భార్యకో, కొడుక్కో కాదు. అక్కడ అప్పటికే పనులు చూస్తున్న మనిషి ఎవరో ఒకరు ఉంటారు. బావమరిది కావచ్చు, తోడల్లుడు కావచ్చు. ఆయనకి చేయండి. "ఏమైనా కావాలా?" అని అడిగితే "ఏం వద్దు, రండి" అంటారు, మీరు ఊరికే వెళ్లి కూర్చుంటారు. "ఫ్రీజర్ బాక్స్ చెప్పేశారా, నేను చెప్పనా?" అని అడగండి. అవును, కాదు అని తేల్చి చెప్పగలిగే ప్రశ్న అయితే ఆ హడావుడిలో కూడా జవాబు వస్తుంది.

వాట్సాప్ గ్రూపుల్లో ఏదీ పెట్టొద్దు, ఇంటివాళ్లు సరే అనేదాకా. డల్లాస్‌లో ఉన్న కూతురికి నాన్న పోయిన సంగతి కాలనీ గ్రూపులో ఎవరో పెట్టిన "ఓం శాంతి" చూసి తెలియకూడదు. దూరాన ఉన్న పిల్లలకి ఎవరు చెప్పాలో, చెప్పేటప్పుడు వాళ్ల పక్కన ఎవరు ఉంటారో ముందు చూసుకోండి.

చనిపోయినవారు నేత్రదానం గురించి ఎప్పుడైనా అని ఉంటే, ఇంటివాళ్లకి గుర్తుచేయాల్సిన సమయం ఇదే. మరణించిన ఆరు గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శక పొర, సేకరించాలి. ఐ బ్యాంకు వాళ్లే ఇంటికి వస్తారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకి, చాలా జిల్లా కేంద్రాల్లోని కంటి ఆసుపత్రులకి ఈ ఏర్పాటు ఉంది. వాళ్లు వచ్చేదాకా కళ్లు మూసి, రెప్పల మీద తడి దూది ఉంచి, పైన ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టాలి. షుగర్ ఉందనో, శుక్లాల ఆపరేషన్ అయిందనో ఆగిపోనక్కర్లేదు. ఒక్కసారి అడగండి. ఇంటివాళ్లు వద్దంటే అక్కడితో వదిలేయండి.

అంత్యక్రియల కంటే ముందు చూడాల్సింది

ఆసుపత్రిలో పోయి ఉంటే, బయటికి వచ్చేముందే మరణ కారణం రాసిన పత్రం, డెత్ సమ్మరీ, బిల్లుల నకళ్లు తీసుకోండి. బీమా కంపెనీ రేపు అడిగేది వీటినే. పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో అక్కడే నిలబడి చదవండి. బిల్లు బాకీ ఉందని ఆసుపత్రి మృతదేహాన్ని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. గొడవకి దిగకుండా, ఈ మాట తెలిసిన ఒక పెద్దమనిషిని కౌంటర్ దగ్గరికి పంపండి. ప్రభుత్వాసుపత్రి అయితే ఇంటిదాకా చేర్చే ఉచిత వాహనం గురించి అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని మహాప్రస్థానం వాహనం అంటారు.

ఇంట్లోనే పోయి ఉంటే, వైద్యం చేస్తున్న డాక్టర్ని పిలిపించి మరణ కారణం రాయించుకోండి.

రోడ్డు ప్రమాదం, కరెంటు షాక్, పాముకాటు, నీళ్లలో పడడం, ఆత్మహత్య లాంటివి అయితే పోలీసులకి చెప్పి పోస్ట్‌మార్టం అయ్యాకే తీసుకెళ్లాలి. పల్లెల్లో ఇక్కడే నష్టం జరుగుతుంది. "మంచి మనిషి శరీరాన్ని కోయించడం ఎందుకు, పొద్దుగూకే లోపు కానిచ్చేద్దాం" అని ఎవరో పెద్దాయన అంటారు. అందరూ తలూపుతారు. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు లేకపోతే ప్రమాద బీమా దాదాపు రానట్టే. పొలంలో పాము కరిచి పోయిన రైతు భార్యకి లక్షల్లో తేడా వస్తుంది. ఆ సమయంలో ఈ మాట ఇంటివాళ్లు చెప్పలేరు. బయటివాళ్లు మీరే చెప్పాలి, కాస్త గట్టిగానే.

మొదటి రోజు

డబ్బు ఒక్కరి చేతిలో ఉండాలి. షామియానా, కుర్చీలు, వాటర్ క్యాన్లు, పూలదండలు, పాడె సామాను, వాహనం, శ్మశానం రుసుము, కట్టెలు, పంతులుగారు. ఎవరు పడితే వాళ్లు ఇచ్చేస్తే పదో రోజు లెక్కల దగ్గర మాటపట్టింపులు వస్తాయి. మీరు ఆ పని తీసుకుంటే చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టి ప్రతి రూపాయీ రాయండి. శ్మశానంలో ఇచ్చే రసీదు జాగ్రత్త, డెత్ సర్టిఫికెట్‌కి అడుగుతారు.

ఫ్రీజర్ బాక్స్ వచ్చాక ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరు ఇరవై మంది తొక్కే చోట లేకుండా చూడండి. ఎండ తగలని చోట పెట్టించండి. కరెంటు పోతే ఏం చేయాలో ముందే కనుక్కోండి. పిల్లలు విదేశాల నుంచి రావాలంటే రెండు రోజులు కూడా ఉంచాల్సి రావచ్చు.

ఒంటి మీద నగలు తీస్తారు. గొలుసు, ఉంగరాలు, చెవులవి ఎవరికి అప్పగించారో ఇద్దరి ఎదుట జరగాలి. ఫోన్, పర్సు, ఇంటి తాళాలు కూడా అంతే. అందరూ శ్మశానానికి వెళ్లినప్పుడు ఇంట్లో నమ్మకమైన మనిషి ఒకరు ఉండాలి.

బహుశా అన్నిటికంటే ముందు చూడాల్సింది మందులు. అరవై దాటిన తల్లి, షుగర్ ఉన్న భార్య పొద్దుటి నుంచి ఏమీ తినరు, మాత్ర వేసుకోరు. "ఇప్పుడు మాత్రలేంటి?" అంటారు. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కింటి నుంచి ఇడ్లీనో, మజ్జిగో, పాలో తెప్పించి, మాత్రల డబ్బా వెతికి, పక్కన కూర్చుని వేయించండి. "రెండు ముద్దలు తినండి పిన్నీ" అని బతిమాలే చనువు మీకు ఉంటే ఆ రోజు మీరు చేయగలిగిన పెద్ద సాయం అదే. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల విషయం మొహమాటానికి వదలొద్దు. తినకుండా ఇన్సులిన్ తీసుకున్నా ప్రమాదమే, మానేసినా ప్రమాదమే. వాళ్ల డాక్టర్‌కి ఒక ఫోన్ కొట్టండి.

రాలేకపోయిన పిల్లలకి వీడియో కాల్‌లో చూపించేటప్పుడు ఫోన్ పట్టుకునేవాళ్లు వేరే ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడాలి. అవతల వాళ్లు ఒంటరిగా గదిలో కూర్చుని చూస్తుంటారు. కాల్ అయ్యాక వాళ్ల దగ్గర ఎవరున్నారో కనుక్కోండి.

పలకరింపుకి వెళ్లినప్పుడు

కొన్ని ఇళ్లలో పలకరింపుకి వారం చూస్తారు. తెలియకపోతే దగ్గరి బంధువుని అడిగి వెళ్లండి. చెప్పులు విప్పి, లోపలికి వెళ్లి, కూర్చోండి. మాట వెతుక్కోనక్కర్లేదు. కాసేపు చెయ్యి పట్టుకుని కూర్చున్నా సరిపోతుంది. లేచేటప్పుడు "వెళ్లొస్తాను" అనకూడదని మనకి తెలిసిందే, తలూపి వచ్చేయండి.

అనకూడని మాటల దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే వాటిని మంచి మనసుతోనే అంటారు. "ఇంకాస్త ముందు హైదరాబాద్ తీసుకెళ్లి ఉంటే…" ఈ మాట విన్న కొడుకు దాన్ని ఏళ్ల తరబడి మోస్తాడు. "అదృష్టవంతుడు, మంచాన పడకుండా పోయాడు" అనే మాట ఇంటివాళ్లు అంటే వినండి, మీరు మొదలుపెట్టొద్దు. "నువ్వే ఇలా అయిపోతే పిల్లలేం కావాలి, ఊరుకో" అంటే ఏడవడం కూడా తప్పే అన్నట్టుంటుంది భర్త పోయిన ఆమెకి. "ఎంత బీమా ఉంది?", "పొలం ఎవరి పేరు మీద ఉంది?" లాంటివి కూడా పరామర్శలో వినిపిస్తూనే ఉంటాయి, సిగ్గు లేకుండా. ఎలా పోయారో పొద్దుటి నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ ఆమె మొదటి నుంచి చెప్పాల్సి రావడం మరో హింస. పక్కన కూర్చున్న మీరు ఆ పని తీసుకోండి. కొత్తవాళ్లు రాగానే వాకిట్లోనే క్లుప్తంగా మీరే చెప్పేయండి.

ఆత్మహత్య అయిన ఇంట్లో "ఎందుకు?" అనే ప్రశ్న ఎవరినీ అడగొద్దు. ఎలా చేసుకున్నారో చర్చించొద్దు. పోలీసులు ఎలాగూ అడిగి ఉంటారు.

మరి ఏం మాట్లాడాలి? పోయినవారి పేరు ఎత్తండి. ఆయన మీకు చేసిన సాయం ఏదైనా ఉంటే, ఇంట్లోవాళ్లకి తెలియనిదైతే మరీ మంచిది, చెప్పండి. "మా అబ్బాయి ఫీజుకి బాబాయే సర్దాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు." ఇలాంటివి విన్నాక ఏడుస్తారు. ఏడవనివ్వండి.

ముస్లిం ఇంట్లో ఖననం వీలైనంత త్వరగా, చాలావరకు అదే రోజు జరిగిపోతుంది, కాబట్టి ఆలస్యం చేయకండి. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుంది. ఆ కాలంలో బయటి పనులు, బ్యాంకు, సరుకులు ఎవరు చూస్తారో అడిగి పెట్టుకోండి. క్రైస్తవ కుటుంబాల్లో సమాధి కార్యక్రమం తర్వాత ఆదరణ కూడిక ఉంటుంది. పాస్టరుగారిని కలిస్తే భోజనాలు, కుర్చీలు లాంటి పనుల్లో ఏది మిగిలిందో ఆయనే చెబుతారు. ఎవరి ఇంట్లోనైనా మీ పద్ధతులు చెప్పడానికి వెళ్లొద్దు.

పదకొండు రోజులూ

మూడో రోజు అస్థి సంచయనం, తర్వాత నిమజ్జనం, పదో రోజు, పదకొండు, పన్నెండు. ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి వరస మారుతుంది. కర్మ చేస్తున్న వ్యక్తి ఒంటిపూట భోజనం, కింద పడక, రోజూ తలస్నానం. దాని మధ్యలో ఫోన్లు. అతని ఫోన్ పగలంతా మీ దగ్గర ఉంచుకుంటానని అడగండి. చాలామంది ఊపిరి పీల్చుకుని ఇచ్చేస్తారు. కొడుకులు లేని ఇంట్లో కూతురు తలకొరివి పెడతానంటే అడ్డం పడే గొంతులు ఇంకా ఉన్నాయి. అప్పుడు ఆ అమ్మాయి పక్కన వెళ్లి నిలబడండి.

వంట విషయంలో అందరూ ఒకే రోజు పులిహోర పంపి మూడో రోజు ఎవరూ ఏమీ పంపకపోవడం మామూలే. నాలుగు ఇళ్లవాళ్లు రోజులు పంచుకోండి. కారం, నూనె తక్కువ ఉండాలి. చారు, పెరుగన్నం, కూర ఒకటి చాలు. పిల్లలకి విడిగా ఏదైనా పెట్టండి. డబ్బాల మీద మీ పేరు రాయొద్దు, తిరిగి ఇవ్వాలనే టెన్షన్ వాళ్లకెందుకు.

పెద్దకర్మ ఖర్చు దగ్గర నా అభిప్రాయం దాచుకోను. ఫ్లెక్సీలు, నాలుగు రకాల స్వీట్లు, వచ్చినవాళ్లందరికీ స్టీలు డబ్బాలు. ఆసుపత్రి అప్పు తీరని ఇంట్లో ఇవి పెట్టించేది ఇంటివాళ్ల దుఃఖం కంటే ఎక్కువగా బంధువుల నోళ్లు. "పక్క వీధిలో వాళ్లు అయిదొందల మందికి పెట్టారు" అనే మాట మీ ఎదురుగా వస్తే, "ఇంతలోనే చేద్దాం, పోయినాయన ఆర్భాటం ఇష్టపడే మనిషి కాదు" అని మీరు అనండి. ఇంటి మనిషి అంటే పిసినారితనం అవుతుంది, బయటి మనిషి అంటే సలహా అవుతుంది. బట్టలు పెట్టే ఆనవాయితీ మీకు ఉంటే, వాళ్లతో మాట్లాడి దాని బదులు డబ్బు కవరులో పెట్టి ఇవ్వడం మేలు. జనం మధ్య ఇవ్వొద్దు. రోజువారీ ఇల్లు నడిపేది ఎవరో వాళ్ల చేతికే ఇవ్వండి.

ఆమె విషయంలో

భర్త పోయిన స్త్రీకి పదో రోజు తెల్లవారుజామున ఏం చేస్తారో తెలుగువాళ్లకి వివరించనక్కర్లేదు. నిండా పూలు, పసుపు, గాజులు పెట్టి, ఆ వెంటనే అన్నీ తీసేసి, గాజులు పగలగొట్టి, బొట్టు చెరుపుతారు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇన్నేళ్ల తర్వాత కూడా చదువుకున్న ఇళ్లలోనే ఈ తంతు నడుస్తోంది. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022లో ఇలాంటి ఆచారాలు మానేస్తున్నట్టు తీర్మానం చేసింది. ఒక ఊరంతా అనుకోగలిగినప్పుడు ఒక ఇల్లు అనుకోలేదా అంటారు కొందరు. ఊరు తోడుంటేనే ఇల్లు ధైర్యం చేస్తుంది, అసలు చిక్కు అదే.

ముందే, అంటే అయిదారు రోజుల నాడే, ఆమెని ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి: "నీకు ఇష్టమేనా అక్కా?" కొందరికి అది కావాలనే ఉంటుంది, భర్తకి చివరిగా చేసేదిగా అనుకుంటారు. ఆ ఇష్టాన్ని గౌరవించండి. వద్దంటే ఆమె తల్లితోనో, పెద్ద ఆడపడుచుతోనో మీరు మాట్లాడండి. పదో రోజు పొద్దున్నే అందరి ఎదుట వాదన పెట్టుకుంటే ఓడిపోయేది ఆమే. తర్వాత మీ ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆమెని పిలవండి, పిలిచి వెనక వరసలో కాకుండా మీ పక్కన కూర్చోబెట్టుకోండి.

పిల్లలు

"నాన్న నిద్రపోయాడు", "ఊరెళ్లాడు" అని చెప్పొద్దు. నిద్రపోయాడని విన్న నాలుగేళ్ల పిల్ల రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. ఊరెళ్లాడంటే ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతుంది. "నాన్న ఒంట్లో గుండె పనిచేయడం ఆగిపోయింది. చనిపోయాడు. ఇక రాడు. నీ తప్పేం లేదు. నిన్ను అమ్మ, తాతయ్య చూసుకుంటారు" అని చిన్న మాటల్లో చెప్పాలి, వీలైతే తల్లే చెప్పాలి. చివరిచూపు చూడాలా వద్దా అన్నది పిల్లల్నే అడగొచ్చు. బలవంతంగా చూపించడమూ వద్దు, మేడ మీద దాచడమూ వద్దు. పదమూడేళ్ల మగపిల్లాడితో "ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు" అనే మాట ఎవరన్నా అంటుంటే ఆపండి. వాడికి బడి, ఆట, పక్కింటి స్నేహితులు వీలైనంత త్వరగా తిరిగి దొరకాలి. బడికి వెళ్లి క్లాస్ టీచర్‌తో మాట్లాడి రావడం మీరు చేయగల పని. పరీక్ష ఫీజు గడువు కూడా అప్పుడే కనుక్కోండి.

కాగితాలు

చాలామంది తప్పించుకునే పని ఇదే. కంప్యూటర్, ఆఫీసులు అలవాటున్న మనిషి మీరైతే ఇది మీదే అనుకోండి.

మొదటిది డెత్ సర్టిఫికెట్. మరణించిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రే సమాచారం పంపాలి, పంపిందో లేదో మీరు కనుక్కోవాలి. ఇంట్లో పోతే ఇంటివాళ్లు గ్రామ పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో చెప్పాలి. 21 రోజులు దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. సర్టిఫికెట్ నకళ్లు పది దాకా తీసి పెట్టుకోండి.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకి ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో పొట్టి అక్షరాలు, పట్టాదారు పాస్‌బుక్‌లో "వెంకటయ్య", ఎల్ఐసీ బాండు మీద "వెంకటేశ్వర్లు". డెత్ సర్టిఫికెట్‌లో పేరు ఆధార్ ప్రకారం ఉండేలా చూసి, మిగతా తేడాలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ మనిషి ఒక్కరే అని చెప్పే అఫిడవిట్ ఒకటి రెండు చోట్ల అవసరమవుతుంది.

తర్వాత తహసీల్దార్ కార్యాలయం నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఊళ్లోని గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టొచ్చు. పెద్ద మొత్తాలకి, నామినీ లేని చోట కొన్నిసార్లు సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువీకరణ అడుగుతారు. దానికి వకీలు కావాలి.

పోయినాయన సిమ్ కార్డు తీసేయొద్దు. దీన్ని అండర్‌లైన్ చేసుకోండి. బ్యాంకు, పీఎఫ్, ఎల్ఐసీ, గ్యాస్ అన్నిటి ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. కనీసం ఏడాది దాకా రీచార్జ్ చేస్తూ ఉండండి. అలాగని ఏటీఎం పిన్ తెలుసు కదా అని డబ్బు తీసేయొద్దు. రేపు వారసుల మధ్య తగాదాకి అదే మొదలవుతుంది. "ఎవరైనా ఒకరు" పద్ధతిలో ఉన్న జాయింట్ ఖాతా అయితే బతికున్నవారు నడుపుకోవచ్చు. నామినీ ఉంటే డెత్ సర్టిఫికెట్, నామినీ ఆధార్, క్లెయిమ్ ఫారం చాలు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు తేల్చాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, మిగతా వారసుల హక్కు పోదు.

ఇప్పుడు చాలా ఇళ్లలో తెలియక పోగొట్టుకునే డబ్బు గురించి. ఆయన పాస్‌బుక్ ఎంట్రీలు వేయించి, మే నెలాఖరు, జూన్ మొదటి వారం దగ్గర చూడండి. 436 రూపాయలు కట్ అయి ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టే. ఏ కారణంతో పోయినా 2 లక్షలు (కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే). 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. రెండూ బ్యాంకు బ్రాంచిలోనే క్లెయిమ్ చేయాలి. వీలైతే నెలలోపే చెప్పండి. బ్యాంకువాళ్లు తమంతట తాము పిలిచి చెబుతారని కూర్చోవద్దు.

ఉద్యోగంలో ఉండగా పోతే, పీఎఫ్ డబ్బుతో పాటు ఈడీఎల్ఐ అనే, పీఎఫ్ ఖాతాతోనే వచ్చే జీవిత బీమా ఉంటుంది. గరిష్ఠంగా 7 లక్షలు. దీనికి ఉద్యోగి జీతంలోంచి ఏమీ కట్ కాదు కాబట్టి ఉన్నట్టే చాలామందికి తెలియదు. పీఎఫ్‌కి ఫారం 20, పింఛనుకి 10డీ, బీమాకి 5ఐఎఫ్. ఆయన కంపెనీ హెచ్‌ఆర్ దగ్గరికి మీరే ఒకసారి వెళ్లి, గ్రూప్ ఇన్సూరెన్స్, గ్రాట్యుటీ కూడా అడిగి రండి. బైకు ప్రమాదం అయితే, బండి ఆయన పేరు మీదే ఉండి లైసెన్సు ఉంటే, బండి పాలసీలో ఓనర్‌కి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూడండి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ పరిహారం 2 లక్షలు ఉంది. బండి తెలిస్తే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు, ఆరు నెలల లోపే వేయడం క్షేమం.

తెలంగాణలో భూమి ఉన్న, 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు రైతు పోతే రైతుబీమా 5 లక్షలు. సహజ మరణానికీ వర్తిస్తుంది. వ్యవసాయ విస్తరణ అధికారిని వెంటనే కలవండి. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర బీమా పథకాల పేర్లు, షరతులు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి, సచివాలయంలో అప్పటికి ఏది నడుస్తోందో అడగాలి. సంపాదించే మనిషిని కోల్పోయిన పేద కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు వస్తాయి. వితంతు పింఛను దరఖాస్తు కూడా అదే ఊపులో పెట్టించండి. పోయినాయన పింఛనుదారు అయితే ట్రెజరీకో బ్యాంకుకో చెప్పి ఫ్యామిలీ పింఛనుకి మార్పించాలి. చెప్పకుండా ఊరుకుంటే ఎక్కువ పడిన నెలల డబ్బు తర్వాత వెనక్కి కట్టమంటారు.

అప్పులవాళ్లు పదకొండో రోజు దాటగానే వస్తారు. ఏదీ అక్కడికక్కడ ఒప్పుకోవద్దని, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని ఇంటివాళ్లకి ముందే చెప్పండి. ప్రాంసరీ నోటు చూడాలి, సంతకం సరిచూడాలి, కట్టిన వడ్డీ లెక్క అడగాలి. హోమ్ లోన్, డ్వాక్రా రుణం లాంటివాటికి బీమా ఉందేమో తెలుసుకున్నాకే వాయిదా కట్టాలి. వారసులు తమకి వచ్చిన ఆస్తి మేరకే ఆ అప్పుకి బాధ్యులు, తమ సొంత సంపాదన నుంచి కట్టాలని చట్టం చెప్పదు. ఆయనకి రావాల్సిన బాకీలు, పాడని చీటీలు కూడా ఉంటాయి. వాటి సంగతి ఎవరూ వచ్చి చెప్పరు. ఆయన డైరీ, ఫోన్‌పే లావాదేవీలు వెతకండి.

భూమి పట్టా మార్పిడికి తొందరపడి ఎవరూ సంతకాలు పెట్టకుండా చూడండి. ముఖ్యంగా కూతుళ్లని "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా, ఊరికే ఫార్మాలిటీ" అని పెట్టించేది చాలావరకు హక్కు వదులుకునే కాగితమే.

అందరూ వెళ్లిపోయాక

నెల దాటేసరికి ఫోన్లు తగ్గుతాయి. మీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి: వారానికి ఒకసారి కాల్, నెలకి ఒకసారి ఇంటికి. "ఎలా ఉన్నావు?" కంటే "ఆదివారం పదకొండింటికి వస్తున్నా, గ్యాస్ పేరు మార్పు కాగితాలు తెస్తా" అంటే వాళ్లకీ ఎదురుచూడడానికి ఒక రోజు దొరుకుతుంది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, ఇంటర్నెట్ ఇన్నాళ్లూ ఆయనే కట్టి ఉంటే, ఆమెకి ఫోన్‌లో కట్టడం నేర్పండి. మీరే కట్టేస్తూ ఉంటే మీ మీద ఆధారపడాల్సి వస్తుంది. బీరువాలో బట్టలు ఖాళీ చేయించడానికి ఎవరూ తొందరపెట్టకూడదు. ఆమె పిలిచినప్పుడు వెళ్లి మడతపెట్టడంలో చెయ్యి వేయండి.

మొదటి సంక్రాంతి, మొదటి ఉగాది, పెళ్లిరోజు, పుట్టినరోజు గుర్తుపెట్టుకోండి. ఏడాది పండగ చేసుకోని ఇంట్లో ఆ రోజు మరీ బోసిగా ఉంటుంది. అరిసెలు పంపడం సంప్రదాయానికి అడ్డమైతే భోజనానికి మీరే వాళ్లింటికి వెళ్లండి.

దుఃఖానికి గడువు లేదు గానీ, కొన్ని గుర్తులు కనబడితే డాక్టర్‌ని కలవాల్సిందే: వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఇంట్లోంచి కదలకపోవడం, మందు తాగడం పెరగడం, "నేనూ పోతే బాగుండు" అనడం. ఆ మాట విన్నప్పుడు "అలా అనకూడదు" అని కొట్టిపారేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేయండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఏడాది లోపు పూర్తి చేయించాల్సిన పని ఇంకొకటి ఉంది, దాదాపు అందరూ మర్చిపోతారు. ఆమె సొంత బ్యాంకు ఖాతా, ఎల్ఐసీ పాలసీ, పీఎఫ్, పోస్టాఫీసు డిపాజిట్ అన్నిట్లో నామినీగా ఉన్నది పోయిన ఆయన పేరే. అవన్నీ ఒకచోట రాసుకుని, ఒక్కో ఆఫీసుకి వెంట వెళ్లి పిల్లల పేర్లకి మార్పించండి. పిల్లలు మైనర్లయితే గార్డియన్‌గా ఎవరి పేరు రాయాలో ముందే ఆమెని ఆలోచించుకోమనండి.